కాళ్లు చాపుకునే చోటు

మొన్న హనుమకొండలో కార్ల షోరూంలో నేను చేసిన పనిని మా కోడలు ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతోంది. ఆ పనేమిటో చివర చెబుతాను. ముందే చెబితే మీరూ నవ్వుతారు, తర్వాత చెప్పేది వినరు.

మా ఇంట్లో కారు కొందామనుకుంటున్నారు. కొడుకుకు పొడుగు డిక్కీ ఉన్న కారు కావాలి, దానిలో వెనక సీటు మెత్తగా ఉంటుందట. కోడలికి ఎత్తు బండి కావాలి, ఎక్కడం దిగడం సులువు, మోకాళ్లకు చోటెక్కువట. రాత్రి అన్నాలయ్యాక ఇద్దరూ ఫోన్లో వీడియోలు పెట్టుకుని కూర్చుంటారు. వాటిలో ఒకాయన వెనక సీట్లో కూర్చుని, తన మోకాలికీ ముందు సీటుకూ మధ్య పిడికిలి పెట్టి చూపిస్తాడు. తలకూ పైకప్పుకూ మధ్య వేళ్లు పెట్టి చూపిస్తాడు.

"బాపూ, సర్వీసంత బండ్లే నడిపినవు గద. ఏది మంచిదో నువ్వు జెప్పు" అన్నాడు కొడుకు.

ఆ పిడికిలి మీదే నా చూపు ఆగిపోయింది. అదే పిడికిలిని చాలా ఏళ్ల కిందట మానుకోట దవాఖాన వెనక జాగాలో చూశాను. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. అప్పుడు కూడా పిడికిలి సరిగ్గానే పట్టింది.

నేను ఆరోగ్య శాఖలో డ్రైవరుగా చేరింది జనగామలో. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. బళ్లు మూతబడ్డాయి, ఆఫీసులు సగం తెరిచి సగం మూసి ఉండేవి. నాకు ఇచ్చింది జీపు. జీపంటే అప్పుడు ఏమిటో ఈ కాలం పిల్లలకు చెబితే గానీ తెలియదు. పోలీసులు దిగేది జీపులోంచి. లాఠీ దిగేది జీపులోంచి. మా బండికి రెండు పక్కలా ఎర్రరంగు ప్లస్ గుర్తు వేసి ఉండేది కానీ, మట్టి రోడ్డు మీద నాలుగు ఊళ్లు తిరిగేసరికి దుమ్ములో అది కనబడేది కాదు. ఒకసారి కలరా సూదులు వేయడానికి బచ్చన్నపేట వైపు పోతే, ఊరి మొదట్లోనే ఒక రాయి వచ్చి బానెట్ మీద పడింది. దిగి "దవాఖానోల్లం" అని అరిచాను. గోడ చాటు నుంచి ఒక అవ్వ తొంగిచూసి, "దవాఖాన జీపని దాని మొకం మీద రాసుంటదా బిడ్డా? అన్నిటి సప్పుడు ఒక్కటే" అంది. నేను నవ్వాను. రాత్రి డైరీలో కూడా నవ్వుతూనే రాసుకున్నాను. వయసు అటువంటిది.

ఎమర్జెన్సీ వచ్చాక ఆ సప్పుడు ఇంకా చెడ్డదైంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోసం మగవాళ్లను పట్టుకుపోయిందీ జీపుల్లోనే అని పల్లెల్లో చెప్పుకునేవారు. ఎమర్జెన్సీ పోయినా ఆ భయం పోలేదు. అప్పటికి నన్ను మానుకోటకు మార్చారు. గూడూరు చుట్టూ అడవి అంచున ఉన్న ఊళ్లకూ లంబాడా తండాలకూ తిరిగే వైద్య బృందంలో వేశారు.

బృందమంటే నాతో కలిపి నలుగురం. డాక్టరుగారు కోస్తా మనిషి. కొత్తగా చదువు ముగించి వచ్చారు, మర్యాదస్తులు. జీపు ప్రతి గుంటలో పడినప్పుడూ "ఏవయ్యా, కాస్త చూసి పోనివ్వు" అనేవారు. "సూసే పోతున్న సార్, గుంటలే మనల్ని సూస్తలేవు" అని వెనక నుంచి కాంపౌండరు అందుకునేవాడు. ఈ కాంపౌండరు నోరు ఊరుకోని మనిషి, నన్ను ఉస్తాద్ అని పిలిచేవాడు. నాలుగో మనిషి నర్సమ్మ. జనగామ దగ్గరి ఊరామె, సేద్యం చేసుకునే కాపుదనం ఇంటి ఆడపిల్ల. భర్త మానుకోట బడిలో పంతులు. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాడిని.

జీపులో ముందు నేనూ డాక్టరుగారూ కూర్చునేవాళ్లం. వెనక రెండు పక్కలా రెండు ఇనుప బెంచీలు, వాటిపైన అరచేయంత మందాన కొబ్బరి పీచు పరుపు, దానికి రెక్సిన్ తొడుగు. పీచు ఎప్పుడో అణిగి రేకులా అయిపోయింది. నడుము ఆనించడానికి ఏమీ లేదు, వెనక టార్పాలిన్ గుడ్డే. కాంపౌండరు ఒక పక్క, నర్సమ్మ ఒక పక్క, ఎదురెదురుగా. ఆమె ఒడిలో టీకాల డబ్బా ఉండేది. ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో పైన కమ్మీని పట్టుకునేది. సాయంత్రం దిగేటప్పుడు రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయేది. ఇదంతా నాకు అద్దంలోంచి తెలిసిందే. డ్రైవరు వెనక సీట్లో కూర్చోవడం మా శాఖలో లేదు. సర్వీసంతా నా తావు స్టీరింగు వెనకే.

జీపు సప్పుడుకు ఊళ్లు ఖాళీ అయ్యేవి. మేం దిగేసరికి కుక్కలూ ముసలివాళ్లూ ఉండేవారు. గూడూరుకు అవతల, వాగు దాటి బండిబాట పట్టి పోతే వచ్చే ఒక తండాలో కూడా మొదట అంతే. కానీ ఒకసారి ఒక్కామె పారిపోలేదు. చంకలో పిల్లను ఎత్తుకుని నడి బాటలో నిలబడింది. అద్దాల రవికె, మోచేతుల దాకా గాజులు, ఇరవై దాటని వయసు. జీపు వెనక్కి పోయి లోపలికి తొంగిచూసింది.

"పోలీసోల్లు లేరు గద?"

"లేరమ్మా" అంది నర్సమ్మ.

"పట్కపోయేటోల్లు?"

"గీ కాంపౌండరొక్కడే ఉన్నడు. ఈన్ని ఎవలన్న పట్కపోతె బాగుండని మేమే సూస్తున్నం."

ఆమె పడిపడి నవ్వింది. వాళ్ల భాషలో ఏదో కేకవేస్తే చేలల్లోంచి ఒక్కొక్కరే ఆడవాళ్లు బయటికి వచ్చారు. ఆ రోజు తెచ్చిన మందంతా అయిపోయింది.

తర్వాతి వానకాలంలో ఆమె భర్తను చేనులో పాము కాటేసింది. మేం తండాలో ఉండగానే జరిగింది. నులక మంచం మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. జీపు వెనక పలక దించి, మంచంతో సహా లోపలికి తోశాం. రెండు బెంచీల మధ్య మంచం కుదురుగా పట్టింది. దాని కోడు పలకకు రాసుకుని పెయింటు లేచి పొడుగు గీత పడింది. డాక్టరుగారు ఒక బెంచీ మీద, నర్సమ్మ ఒక బెంచీ మీద, మధ్యలో అతను. అతని భార్య, ఇంకో ఇద్దరు మనుషులు వెనక వేలాడుతూ వచ్చారు. అతను బతికాడు. ఆ తర్వాత ఆ తండాలో మా జీపు సప్పుడు వింటే జనం ఎదురు వచ్చేవారు. నా ఉద్యోగంలో జీపుకు ఎదురు వచ్చిన ఊరు అదొక్కటే.

ఆ చలికాలంలో నర్సమ్మకు ఆరో నెలలో గర్భం పోయింది. ఎక్కడో టూరు నుంచి తిరిగి వస్తుండగా జీపులోనే మొదలైంది. కుదుపుల వల్లనేనని కచ్చితంగా చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. ఆమె సెలవు అయిపోయాక వచ్చి అదే బెంచీ మీద కూర్చుంది. డబ్బా మాత్రం కాంపౌండరు తన ఒడిలోకి తీసుకున్నాడు, అడగకుండానే.

మళ్లీ ఆమెకు నెల తప్పింది. ఆ సంగతి మాకు తెలిసింది ఆ తండాలోనే. ఆ లంబాడా ఆమెకు కూడా అప్పటికే మూడో నెలో నాలుగో నెలో. ఇద్దరూ ఇంటి ముందర అరుగు మీద కూర్చుని ఒకరి పొట్ట ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

"నాకే ముందు" అంది ఆమె. "నువ్వే రావాలె నర్సమ్మా. జీపు తీస్కొని."

"వస్త."

"ఒట్టు?"

"ఒట్టే. జీపు తీస్కొనే వస్త. అప్పుడు నువ్వు అందరి లెక్క పారిపోకు."

ఇక్కడి దాకా ఎవరి తప్పూ లేదు. దీని తర్వాత కూడా ఎవరి తప్పో నాకు తెలియదు.

డాక్టరుగారు జిల్లా ఆఫీసరుకు నర్సమ్మ సంగతి చెప్పి, జీపుకు బదులు కారు అడిగారు. అడగడానికి న్యాయమైన కారణాలే ఉన్నాయి. ఆమె ఇంకో బిడ్డను పోగొట్టుకోకూడదు. పైగా జీపు చూస్తే జనం పారిపోతున్నారు. సరిగ్గా అప్పుడే ఆఫీసరుకు కొత్త కారు వస్తోంది. భూపాలపల్లి వైపు ఆఫీసర్ల టూర్లు పెరిగి అక్కడ జీపు కావాలంటున్నారు. పాత కారు మీరు తీసుకోండి, జీపు అటు పంపుదాం అన్నారు ఆయన. ఒక బృందానికి ఒకటే బండి. ఏది కావాలో మీరే చూసుకుని చెప్పండని, ఒకరోజు పొద్దున తన తెల్ల కారులో స్వయంగా మానుకోట వచ్చారు.

దవాఖాన వెనక జాగాలో రెండు బండ్లూ పక్కపక్కన నిలబెట్టాం. వార్డులో పేషంట్లు కూడా కిటికీల్లోంచి చూస్తున్నారు.

"సూసుకొండ్రి డాక్టర్ సాబ్. తర్వాత నన్ననొద్దు" అన్నారు ఆఫీసరు.

డాక్టరుగారు ముందు జీపు బెంచీ మీద కూర్చున్నారు, తర్వాత కారు వెనక సీట్లో కూర్చున్నారు. "మోకాళ్లకి చోటు బాగుందండీ. జీపులో అయితే ఎదుటివాళ్ల మోకాళ్లతో నా మోకాళ్లు కొట్లాడుకుంటాయి" అన్నారు. ఆఫీసరు తను కూడా కూర్చుని, మోకాలికీ ముందు సీటుకూ మధ్య పిడికిలి పెట్టి అందరికీ చూపించారు. "సూడుండ్రి, ఎంత ఖుల్లా ఉన్నదో."

కాంపౌండరు సీటు మీద కూర్చుని రెండుసార్లు ఎగిరాడు. లోపల స్ప్రింగులు కిర్రుమన్నాయి. "పెండ్లిపిలగాని లెక్క ఉన్నది సార్ నాకు."

"నీకు పిల్లనెవలిస్తరు?" అంది నర్సమ్మ.

చివరికి ఆమె కూర్చుంది. ముందు అలవాటుగా అంచు మీదే కూర్చుంది. "ఎనుకకు జరగమ్మా, ఆనుకో" అన్నారు ఆఫీసరు. ఆమె మెల్లగా వెనక్కి జరిగి నడుము ఆనించింది. తల ఆనించింది. కళ్లు మూసుకుంది. మేమంతా తలుపు దగ్గర నిలబడి ఉన్నాం, ఆమె మమ్మల్ని మరిచిపోయింది.

"ఎట్లుందమ్మా?"

"నడుముకు ఆసరున్నది సార్."

"ఇంకేం అడగకుండ్రి సార్, నిద్రవోతది" అన్నాడు కాంపౌండరు. అందరం నవ్వాం. కారే ఖాయమైంది. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా అదే చెప్పేవాడిని. ఆమె మొహం చూసినవాడు ఎవడైనా అదే చెప్పేవాడు. రెండు బండ్లలో ఒక్కదాని ఇంజనైనా ఆ పొద్దున ఎవరూ స్టార్టు చేయలేదు.

జీపు మరుసటి వారం వెళ్లిపోయింది. కారుతో నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఊళ్లలో జనం పారిపోవడం తగ్గింది. ముసలమ్మలు వచ్చి తలుపు తెరిపించి సీటు మీద చెయ్యి పెట్టి నొక్కి చూసేవారు. "పరుపే గద" అనుకునేవారు. నర్సమ్మ సాయంత్రాలు నడుము పట్టుకోకుండా దిగి నేరుగా ఇంటికి పోయేది. ఆరో నెల దాటింది. ఏడో నెల దాటింది. ఆ నెల దాటిన రోజు కాంపౌండరు జిలేబీ తెచ్చాడు, ఎందుకో చెప్పలేదు.

కానీ కారు కడుపు నేలకు దగ్గర. బండిబాటల్లో ఎడ్లబండి చక్రాల మధ్య లేచిన మట్టి కట్ట దాని అడుగున రాసుకునేది. ఇంజను కింద నూనె ఉండే చాంబరుకు రాయి తగిలితే బండి అక్కడే ఆగిపోయినట్టు. అందుకని మొదట ఒక ఊరు మానుకున్నాం, తర్వాత రెండు. వానలు పడ్డాక, కారు పోయే ఊళ్లే మేం పోయే ఊళ్లు అయ్యాయి. ఎవరూ అలా నిర్ణయించలేదు. పొద్దున బయలుదేరేటప్పుడు "ఇయ్యాల ఎటు?" అంటే, నోటికి వచ్చేవి రోడ్డు మీది ఊళ్లే. ఆ తండాకు పోలేదు. అక్కడి వాళ్లే రోడ్డు మీదికి వచ్చేవారు. ఆమె కూడా రెండుసార్లు వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "గిది మా వాగు దాటదు" అంది. నర్సమ్మ ఏదో చెప్పబోయింది. ఆమె, "నేనే నడిసొస్త తియ్యి. రోడ్డు దాంక నడువనా ఏంది?" అని నవ్వింది.

ఆ రోజు గూడూరులో ఉన్నాం. మూడు రోజులుగా ముసురు. మధ్యాహ్నం పేషంట్లు తగ్గాక టీ తాగుతుంటే, ఆమె భర్త తడిసి ముద్దై పరుగెత్తుకుంటూ వచ్చాడు. పాము కరిచి బతికినవాడే.

"నర్సమ్మా, నిన్నటి సంది నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నది మంత్రసాని." అంటూనే అటూ ఇటూ చూశాడు. "జీపేది?"

డాక్టరుగారు టీ గ్లాసు కింద పెట్టారు.

"జీపు పోయె గదనే. కారొచ్చింది, నీకు ఎరికే గద" అన్నాడు కాంపౌండరు.

"ఎరికే. ఇయ్యాలన్న ఉంటదేమో అనుకున్న."

బిడ్డ అడ్డం తిరిగితే గూడూరులో చేయగలిగిందేమీ లేదు. నర్సంపేట మీదుగా వరంగల్ పెద్ద దవాఖానకు చేర్చాల్సిందే. బయలుదేరాం. రోడ్డు దిగి బండిబాట మీద కొంత దూరం పోనిచ్చాను. రాయి ఒకటి తగిలింది. దిగి బురదలో పడుకుని చూశాను, చాంబరు పగల్లేదు. ఇంకొకటి తగిలితే పగులుతుంది. పగిలితే వరంగల్ లేదు. డాక్టరుగారికి అదే చెప్పాను. "మరైతే ఇక్కడే ఆపు" అన్నారు. భర్త అప్పటికే దిగి వాగు వైపు పరుగెత్తుతున్నాడు, మనుషులను కూడగట్టి మంచం మీద మోసుకు రావడానికి.

నర్సమ్మకు ఎనిమిదో నెల. తను కూడా నడిచి పోతానంది. డాక్టరుగారు కోపంగా వద్దన్నారు. ఆమె గొడుగు పట్టుకుని బాట మీద నిలబడింది. నేను పక్కన నిలబడ్డాను.

"అన్నా, జీపైతే వాగు దాటేది గద?"

"దాటేది చెల్లె."

ఆమె వాగు వైపు తిరిగి నిలబడింది.

ఎంతసేపో చెప్పలేను. వాన సప్పుడులోంచి మనుషుల కేకలు వినిపించాయి. నలుగురు మంచం మోసుకొస్తున్నారు. పైన యూరియా సంచులు కుట్టిన గుడ్డ కప్పారు. వెనక అత్త, భర్త. మంచం తెచ్చి కారు పక్కన దించారు. అప్పుడు అందరం కారు తలుపు వైపు చూశాం. ఆ పొద్దున దవాఖాన వెనక మేం అందరం కూర్చుని చూశాం. పడుకుని ఎవరూ చూడలేదు.

మంచం లోపలికి పట్టదు. మంచం కాదు, మనిషే పట్టదు. ఆమెను ఎత్తి వెనక సీటు మీద పడుకోబెడితే అవతలి తలుపుకు తల తగిలింది, ఇవతలి తలుపులోంచి కాళ్లు బయట ఉన్నాయి. తల వైపు నర్సమ్మ ఎక్కి ఆమె తలను ఒడిలో పెట్టుకుంది. దాంతో ఇంకా చోటు తగ్గింది. మోకాళ్లు పైకి మడిచి పట్టుకుని తలుపు వేశాను. ఆ వేసిన సప్పుడు నాకు గుర్తు. డాక్టరుగారు ముందు సీటు మీద మోకాళ్లతో నిలబడి, వెనక్కి తిరిగి వంగారు. ఇంకెవరికీ చోటు లేదు.

"నేను?" అన్నాడు భర్త.

కాంపౌండరు అతని భుజం పట్టుకున్నాడు. "నువ్వు, నేను ఎనుక బస్సుల పోదం దా." ఆ వేళకు బస్సు లేదని ఇద్దరికీ తెలుసు.

రోడ్డెక్కాక వేగం పెంచాను. నేను వెనక్కి చూడలేను, అద్దంలో నర్సమ్మ మొహం ఒక్కటే కనబడేది. సీటు మెత్తదనమే శత్రువైంది. పడుకున్న ఆమె నడుము మధ్యలో లోపలికి దిగిపోయింది, రక్తం అంతా అక్కడే నిలుస్తోందని డాక్టరుగారు అంటున్నారు. ఆయన చేతులు ఆమెకు సరిగా అందడం లేదు. మలుపుల్లో కారు ఉయ్యాలలా ఒక పక్కకు వాలినప్పుడల్లా ఆమె మూలిగేది.

"నర్సమ్మా, జర కాళ్లు సాపుకుంట."

"కొంచెం ఓర్సుకో తల్లీ. వచ్చేసినం."

"జరంత. జరంత సాపుకుంట."

నర్సమ్మ చేయి చాచి ఇవతలి తలుపు తెరవబోయింది. "పడిపోతదమ్మా, వద్దు" అని డాక్టరుగారు ఆపారు. ఆమె అడుగుతూనే ఉంది. వేరే మాట లేదు. భర్త పేరు లేదు, పిల్ల పేరు లేదు, యాడీ అని వాళ్ల అమ్మను కూడా పిలవలేదు. కాసేపటికి వాళ్ల భాషలో అడగసాగింది. ఆ భాష నాకు రాదు కానీ, అడుగుతున్నది అదేనని తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత అడగలేదు.

నర్సంపేట ఇంకా రాలేదు. "ఆపవయ్యా" అన్నారు డాక్టరుగారు. ఆపాను. వైపరు ఆపడం మరిచిపోయాను, అది ఆడుతూనే ఉంది. కొంతసేపటికి ఆయన, "జీపులో అయినా..." అని మొదలుపెట్టి వాక్యం వదిలేశారు. జీపులో అయినా చనిపోయేదేమో. జీపు కుదుపులకు ఇంకా ముందే పోయేదేమో. ఇన్నేళ్లుగా ఆ వాక్యాన్ని నేను పూర్తి చేయలేకపోయాను, ఆయన కూడా చేసి ఉండరు.

వెనక్కి తీసుకువచ్చాం. బండిబాట మీద వాళ్లు అక్కడే ఉన్నారు. బస్సు కోసం ఎవరూ పోలేదు. మంచం వానలో, దించిన చోటే ఉంది. తలుపు తెరవగానే అత్త ఏడుపు మొదలైంది. నలుగురూ ఆమెను ఎత్తి మంచం మీద పెట్టారు. నర్సమ్మ వంగి, రెండు చేతులతో మెల్లగా ఆమె కాళ్లు చాపింది.

"ఏమన్న అన్నదా?" అని భర్త అడిగాడు.

నర్సమ్మ నా వైపు చూడలేదు. "నిన్నే తలిసింది తమ్మీ" అంది. "నీ పేరే తీసింది."

అతను తల ఊపాడు. ఆ మాట పట్టుకుని మంచం ఎత్తుకున్నాడు.

నర్సమ్మకు నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగా. ఆ పిల్లను నిలబెట్టింది ఆ సీటేనని డాక్టరుగారు నమ్మారు. నేనూ నమ్ముతాను. తొడుగు తీయించి, పీచు మార్పించి, మళ్లీ కుట్టించిన అదే సీటు. సెలవు ముగిసి వచ్చాక ఆమె మొదట చేసిన పని, మానుకోట వచ్చిన ఆఫీసరు ముందు నిలబడి జీపు తిరిగి ఇప్పించమని అడగడం.

ఆయన చెడ్డవాడు కాదు. నిజంగా అర్థం కాక అడిగారు. "అదేందమ్మా, నువ్వే గద కండ్లు మూసుకొని బాగుందన్నది?"

ఆమె నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. తర్వాత నెలలో ఆ తండాకు రోడ్డు దాకా కారులో పోయి, అక్కడి నుంచి నడిచి వెళ్లాం. జనం పారిపోలేదు. ఇళ్లలోకి పోయి తలుపులు వేసుకున్నారు. మేం కాసేపు నిలబడి తిరిగి వచ్చాం. ఏడాది తిరగకుండా ఆమె జనగామకు మార్పించుకుని పోయింది. వెళ్లేరోజు స్టేషన్ దాకా దించుతానన్నాను. "రిక్షాల పోత అన్నా" అంది. కారు ఎక్కలేదు.

ఎనభైల మొదట్లో నన్ను భూపాలపల్లికి వేశారు. చేరిన రోజు ఆఫీసు ముందు ఒక జీపు నిలబడి ఉంది. కొత్త పెయింటు, మెరుస్తోంది. వెనకకు పోయి పలక చూశాను. పెయింటు కింద, వేలితో తడిమితే తెలిసే పొడుగు గీత ఉంది. మంచం కోడు గీసింది. ఈ బండి నా చేతికి తిరిగి వచ్చింది, ఇక్కడైనా అనుకుంటూ పలక దించాను.

బెంచీలు లేవు. వాటిని పీకేసి, ముందుకు చూసేలా అడ్డంగా ఒక సోఫా సీటు బిగించారు. ఫోము, పూల తొడుగు, మీద తెల్ల తువ్వాలు.

నాకు బండి అప్పగించాల్సిన డ్రైవరు వచ్చి గర్వంగా నిలబడ్డాడు. "ఎట్లున్నది ఉస్తాద్? పెద్ద సార్లు వస్తరని నేనే సెప్పి ఏయించిన. గిప్పుడు కారు లెక్కనే ఉంటది."

"గిండ్ల మంచం పడ్తదా?"

"మంచమా?" అతను నవ్వాడు. "గిది సార్లు కూసునే బండన్నా. మంచమెందుకు?"

అది మూలన పడేదాకా దాన్నే నడిపాను. మనుషులను తీసుకుపోయాం, కూర్చోగలిగినవాళ్లను. కూర్చోలేనివాళ్లను కూడా కూర్చోబెట్టే తీసుకుపోయాం. అందరూ బతకలేదు. వాళ్ల గురించి వేరుగా రాసేది ఏమీ లేదు, ఈ కథే మళ్లీ మళ్లీ.

ఇక షోరూం సంగతి. కొడుకు, కోడలు రెండు బండ్లలోనూ ఎక్కి దిగారు. పిడికిళ్లు పెట్టి చూశారు. అమ్మే అబ్బాయి ఎత్తు బండి వెనక తలుపు పైకి లేపి, ఏదో మీట లాగాడు. వెనక సీటు ముందుకు ఒరిగి చదునుగా పడుకుంది. డిక్కీ, సీటు కలిసి ఒకటే నేల అయింది, మంచమంత పొడుగున.

"సామాన్ ఎంతైనా పడ్తది తాతా" అన్నాడు. "ఫ్రిజ్ తెచ్చుకున్నరు మొన్నొకాయన."

ఎంత చిన్న మీట అది. ఒక వేలితో లాగాడు.

నేను చెప్పులు విప్పి, వెనక నుంచి ఎక్కి, వెల్లకిలా పడుకున్నాను. కోడలు "అయ్యో మామయ్యా" అంది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. మోకాళ్లు కొంచెం మడిచే ఉంచుకున్నాను. తర్వాత మెల్లగా, ఒకటి, రెండోది, చాపాను. చోటు సరిపోయింది. ఇంకా కొంచెం మిగిలింది కూడా.

"ఎట్లుంది తాతా?" అని ఆ అబ్బాయి నవ్వుతూ అడిగాడు.

నాకు వెంటనే లేవబుద్ధి కాలేదు. కాసేపు అలాగే పడుకుని ఉన్నాను.